వార్తల్లో పదం: బ్రెయిన్ డెత్

మెదడు పనిచేయడం శాశ్వతంగా ఆగిపోయి, వెంటిలేటర్ సాయంతో గుండె మాత్రం కొట్టుకునే స్థితి ఇది. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం మరణమే. నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. కుటుంబం ఒప్పుకుంటేనే అవయవాలు తీస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో వాటి కేటాయింపు చూసేది జీవన్‌దాన్.

2020లో దాతకు కొవిడ్ పరీక్ష కూడా తప్పనిసరైంది. బతికున్న బంధువులిచ్చే కిడ్నీల మార్పిడులు చాలావరకు వాయిదా పడ్డాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి ఇది మామూలు వాయిదా కాదు. అక్కడి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణమేమిటో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. లాక్‌డౌన్‌లో బస్సులు ఆగినా డయాలసిస్ ఆగడానికి వీల్లేదు కదా! పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది. కరోనా నాటికే ఉండాల్సిన ఆస్పత్రి అది.