దూరమును జయించిన ఒప్పందము

ఢిల్లీ నుండి చెన్నైకి పోవు రైలుబండి మన మంచిర్యాల మీదుగా సాగిపోవును. దారిలో ఎన్ని రాష్ట్రములు దాటినను బండి మారవలసిన పనిలేదు. పట్టాల నడిమి వెడల్పు దారి పొడుగునను అయిదున్నర అడుగులే. దూరమున నున్నవారు ఒకరినొకరు చూచుచు మాటాడుకొను వీడియో సమావేశమునకును ఇట్టి ఒప్పందమే ప్రాణము.

1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున ఒక అమెరికా టెలిఫోను సంస్థ ‘పిక్చర్‌ఫోన్’ అను యంత్రమును చూపెను. 1970లో పిట్స్‌బర్గు నగరమున దానిని వాడుకలోనికి తెచ్చెను. కాని వ్యయము హెచ్చు. పైగా ఎదుటివాని యొద్దను అదే యంత్రము లేనిచో అది వ్యర్థము. అందుచే అది నిలువలేదు.

మరియొక చిక్కు కలదు. 352 నిలువు వరుసలు, 288 అడ్డు వరుసలు గల చిన్న బొమ్మలో లక్షకు మించిన చుక్కలుండును. సెకనుకు అట్టి బొమ్మలు 30 పంపినచో ఆనాటి టెలిఫోను తీగ భరింపజాలదు. దీనికి శాస్త్రజ్ఞులొక ఉపాయము కనుగొనిరి. ఉపాధ్యాయుడు పాఠము చెప్పునపుడు ఆయన పెదవులు, చేతులు కదలును. వెనుక గోడ కదలదు. కదలనిదానిని మరల మరల పంపనేల? మారిన భాగమును పంపిన చాలును. అయితే ఒక యంత్రము మూటకట్టిన రీతి రెండవ యంత్రమునకు తెలియవలెను గదా! అంతర్జాతీయ సంఘము ‘హెచ్.261’ అను నియమము నామోదించి, ఆ రీతిని అందరికిని ఒక్కటిగా చేసెను.

1992లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు బల్లమీది కంప్యూటరులోనే ఈ పని జరుగునట్లు చేసిరి. మొదట నలుపు తెలుపు బొమ్మలే, ధ్వని లేదు. 1996లో కంప్యూటరు నెట్‌వర్కులకు ‘హెచ్.323’ అను నియమము వచ్చెను. వేరు యంత్రము లేకయే బ్రౌజరు ద్వారా సమావేశము జరుపుటకు వీలుకల్పించు ‘వెబ్ ఆర్.టి.సి.’ 2021లో ప్రమాణమయ్యెను.

1990వ దశకము చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు హైదరాబాదు నుండియే జిల్లా కలెక్టర్లతో ఇట్టి సమావేశములు జరిపెను. 2020లో కరోనా వ్యాపించి బడులు మూతపడినపుడు ఎందరో ఉపాధ్యాయులు ఈ విధముననే పాఠములు చెప్పిరి. అయితే ఫోను లేని యింటి బిడ్డలకును, సిగ్నలు అందని అటవీగ్రామముల బిడ్డలకును ఆ పాఠము చేరలేదు.

బాలలారా! గల్ఫు దేశములకు పోయిన కుమారుని ముఖమును ఇచ్చటి తల్లి నేడు చేతిలోని ఫోనులో చూచుచున్నది. యంత్రమును ఒక్కరు నిర్మింపవచ్చును. అది పదిమందికి పనికివచ్చుటకు పదిమంది అంగీకరించిన నియమము కావలెను. అది పదిమంది యిండ్లకును చేరవలెను. మొదటిపని చాలవరకు జరిగినది. రెండవది మీ తరము పూర్తి చేయవలసియున్నది.