వెలుతురు అలయా? గింజయా?

రేడియోలో మాటలాడు నాబోటివాడు ముందుగా ఒకని పేరు తలంచుకొనుట న్యాయము. ఆతడు జర్మనీ దేశస్థుడగు హైన్రిక్ హెర్ట్జు. మాటను మోసికొని ఊరూరికి పోవు విద్యుదయస్కాంత తరంగములను మొట్టమొదట పుట్టించి, పట్టి చూపినవాడు ఆతడే. కార్ల్‌స్రూ నగరములో 1886 మొదలు 1888 వఱకు ఆతడు చేసిన ప్రయోగములవలన, కాంతియు అట్టి తరంగమే యని అంతకుముందు మాక్స్‌వెల్ గణితముచేత చెప్పిన మాట స్థిరపడినది. చిత్రమేమనగా, కాంతి అల యని రుజువైన ఆ బల్లమీదనే, ఆ రోజులలోనే, కాంతి అల మాత్రమే కాదనుటకు మొదటి సాక్ష్యమును దొరకినది. హెర్ట్జు దానిని చూచెను, శ్రద్ధతో వ్రాసియుంచెను. దాని అర్థము మాత్రము ఆతనికి చిక్కలేదు. 1894లో ముప్పదియాఱేండ్ల ప్రాయముననే ఆతడు మరణించెను.

ఆతడు చూచినది ఇది. ఒకచోట రెండు లోహపు గుండ్ల నడుమ పెద్ద విద్యుత్తురవ్వను లేపినచో, కొంత దూరముననున్న తీగచుట్టలోని సన్నని సందున చిన్న రవ్వ యొకటి లేచును. అలలు అంతదూరము వచ్చినవనుటకు అదియే గుర్తు. ఆ చిన్న రవ్వ చక్కగా కనబడుటకై హెర్ట్జు దాని చుట్టును ఒక చీకటిపెట్టె నమర్చెను. అమర్చగానే రవ్వ కుఱుచయయ్యెను. పెట్టెపలకలను ఒక్కొక్కటిగా తీసి చూడగా, రెండు రవ్వలకును నడుమనున్న పలకయే దీనికి కారణమని తేలినది. అచ్చట గాజుపలక నుంచినను రవ్వ తగ్గెను. పలుగురాతి స్ఫటికము నుంచినచో తగ్గలేదు. గాజు ఆపివేసి, పలుగురాయి పోనిచ్చునది యేది? కంటికి కనబడని అతినీలలోహిత కాంతి. పెద్ద రవ్వనుండి వచ్చు ఆ కాంతి సోకినపుడు లోహము విద్యుత్తును సులువుగా విడిచిపెట్టుచున్నదన్నమాట.

మఱుసటియేట, 1888లో, హాల్వాక్స్ అను మఱియొక జర్మను దీనిని ఇంకను తేటపఱచెను. బాగుగా తోమిన తుత్తునాగపు రేకునకు ఋణవిద్యుత్తు నెక్కించి, దానిపై ఆర్కుదీపపు వెలుతురు పడనిచ్చినచో ఆ విద్యుత్తు జాఱిపోవును. ధనవిద్యుత్తు నెక్కించినచో అట్లు పోదు. 1897లో ఇంగ్లండులో జె. జె. థామ్సన్ ఎలక్ట్రాను అను అతిసూక్ష్మమైన ఋణవిద్యుత్కణమును కనిపెట్టెను. రెండేండ్లకు, లోహమునుండి కాంతి పెకలించుచున్నవి ఆ కణములే యని నిర్ణయించెను.

ఇంతవఱకు చిక్కేమియు లేదు. సముద్రపుటల గట్టును కొట్టి రాళ్ళను దొర్లించినట్లే కాంతియల లోహమును కొట్టి ఎలక్ట్రానులను దొర్లించుచున్నదని అందఱును సమాధానపడియుందురు. కాని అట్లయినచో అల పెద్దదైనకొలది రాయి మఱింత ఊపుతో ఎగురవలెను. దీపమును దగ్గఱకు జరిపి కాంతిని హెచ్చించినచో ఎలక్ట్రానుల ఊపు హెచ్చవలెను. కాంతి మిక్కిలి మందమైనచో, చాలినంత శక్తి కూడువఱకు ఎలక్ట్రాను కొంతకాలము వేచియుండవలెను. 1902లో ఫిలిప్ లేనార్డు ఈ సంగతినే పరీక్షించెను. కాంతిని వేయిరెట్లమేర మార్చి చూచినను, వెలువడు ఎలక్ట్రానుల సంఖ్య మాఱెనే గాని, ఒక్కొక్కదాని ఊపు రవంతయైన మాఱలేదు. ఆ ఊపు వెలుతురు పరిమాణమును బట్టి గాక, దాని రంగును బట్టి యున్నది. తుత్తునాగముపై ఎఱ్ఱని కాంతిని దినమెల్ల కుమ్మరించినను ఒక్క ఎలక్ట్రాను కదలదు. అతినీలలోహిత కాంతి మినుకుమినుకుమనుచు తాకినను తత్‌క్షణమే కదలును.

మీలో పలువురు పాతకాలపు ఫోటోదుకాణముల చీకటిగదిని ఎఱిగియుందురు. అందు ఎఱ్ఱదీపము వెలుగుచుండగనే ఫోటోకాగితమును మందునీటిలో కడుగుచుండిరి. ఆ దీపము క్రింద చాలసేపున్నను కాగితము చెడకుండెను. తలుపుసందునుండి తెల్లని వెలుతురు ఒక్క క్షణము దూరినచో నల్లబడెడిది. అది వెండిలవణము సంగతి, ఇది లోహము సంగతి. కాని రెండింటి కీలకము ఒక్కటే.

ఆ కీలకమును చెప్పినవాడు ఆల్బర్టు ఐన్‌స్టయిన్. 1905లో ఆతనికి ఇరువదియాఱేండ్లు. ఏ విశ్వవిద్యాలయమునందును ఉద్యోగము లేదు. స్విట్జర్లండులోని బెర్ను నగరమున, క్రొత్త యంత్రములకు హక్కుపత్రములిచ్చు కార్యాలయములో గుమాస్తా వంటి పరీక్షకుడు. అంతకైదేండ్ల క్రిందట మాక్స్ ప్లాంకు అను పండితుడు, కాలిన వస్తువులు వెలువరించు కాంతి లెక్క కుదురుటకై, శక్తి తుంపులు తుంపులుగనే చేతులు మాఱునని భావించెను. కాంతి కంపనము ఎంత వడిగలదో ఆ తుంపు అంత పెద్దది. ప్లాంకునకు అది లెక్క కుదురుటకు తోచిన ఉపాయము మాత్రమే. ఐన్‌స్టయిన్ అట్లు గాక, కాంతియే అట్టి విడివిడి గింజలుగా నున్నదని చెప్పెను. ఎఱ్ఱని వెలుతురు గింజ చిన్నది, ఊదారంగు గింజ పెద్దది, అతినీలలోహితపు గింజ ఇంకను పెద్దది.

నిలువెడు గుంటలో పడిన మేకపిల్లను తలంచుకొనుడు. అది మూరెడేసి గంతులు నూఱు వేసినను గుంటలోనే యుండును. మొత్తము నూఱుమూరలు ఎగిరినదని లెక్కకట్టిన ప్రయోజనమేమి? గట్టునందుకొను గంతు ఒక్కటి వేసినచో బయటపడును. గంతు ఇంకను పెద్దదైనచో, గట్టెక్కిన పిమ్మట మిగిలిన ఊపుతో పరుగెత్తును. లోహములోని ఎలక్ట్రాను ఆ మేకపిల్ల. ఒక్కొక్క కాంతిగింజ దానికి ఒక్కొక్క గంతునకు చాలు బలమునిచ్చును. ఎలక్ట్రాను వోల్టు అను చిన్నకొలతతో చెప్పినచో, తుత్తునాగపు గట్టు ఎత్తు సుమారు 4.3. ఎఱ్ఱగింజ బలము సుమారు 1.8, ఊదాగింజ బలము 3.1. కావున కంటికి కనబడు ఏ రంగును చాలదు, అతినీలలోహితమే కావలెను. సోడియమునకు గట్టు సుమారు 2.3 మాత్రమే గనుక దానికి నీలపు వెలుతురు చాలును. దీపము హెచ్చించుట యనగా గింజల సంఖ్యను హెచ్చించుటయే గాని, గింజను పెద్దది చేయుట కాదు. గింజలు ఎంత చిన్నవనగా, ఒక వాటు పచ్చని కాంతిలో క్షణమునకు, అనగా ఒక సెకనునకు, వచ్చు గింజలను వ్రాయుటకు 27 వేసి దాని తరువాత 17 సున్నలు చుట్టవలెను. ఇసుకను దూరమునుండి చూచినపుడు నున్నని గుడ్డవలె కనబడునట్లు, కాంతి మనకు ఎడతెగని ప్రవాహముగా తోచుట ఇందువలననే. (మిక్కిలి తీక్ష్ణమైన లేజరు కాంతిలో రెండుమూడు గింజలు ఒక్కసారి కూడి తోయుటయు కలదు. మన దీపములలో అది జరుగదు.)

ఐన్‌స్టయిన్ ఇంతటితో నిలువలేదు. గింజ బలములోనుండి గట్టు ఎత్తును తీసివేసినచో మిగులునదే ఎలక్ట్రాను ఊపు అనెను. అనగా, కాంతి కంపనము హెచ్చినకొలది ఆ ఊపు హెచ్చుటను కాగితముపై గీచినచో తిన్నని గీత రావలెను. ఏ లోహమైనను ఆ గీతయొక్క వాలు ఒక్కటే కావలెను. ఆనాటికి దానిని ఎవరును కొలిచి యుండలేదు.

ఎవరును నమ్మలేదు కూడ. నీటి అలలవలె కాంతియలలు ఒకదానినొకటి పెంచుకొనుట, చంపుకొనుట నూఱేండ్లుగా కన్నులార చూచుచున్న పండితులు, గింజల మాట నేల నమ్మవలెను? 1913లో ఐన్‌స్టయిన్‌ను ప్రష్యా అకాడమీలోనికి తీసికొనవలెనని సిఫారసు చేయుచు ప్లాంకు ప్రభృతులు, కాంతిగింజల విషయమున ఈతడు గుఱి దాటిపోయియుండవచ్చును గాని దానిని దోషముగా నెంచరాదని వ్రాసిరి. గింజకు బీజము వేసిన ప్లాంకే ఇట్లనెను!

అమెరికాలో, చికాగో విశ్వవిద్యాలయమున, రాబర్టు మిల్లికన్ అనునాతడు ఈ మాట చెల్లదని తేల్చుటకే పూనుకొనెను. ఈ కథ యంతటిలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమిది. సోడియము, పొటాసియము, లిథియము అను మెత్తని లోహములకు గాలి సోకినచో తత్‌క్షణమే పొఱక పట్టును. పొఱక పట్టిన లోహమునుండి నమ్మదగిన కొలత రాదు. అందుచేత ఆతడు గాలి తీసివేసిన గాజుబుడ్డిలో లోహపు దిమ్మలను, వానిని చెక్కుటకు ఒక చిన్న కత్తిని అమర్చి, ఆ కత్తిని బయటినుండి అయస్కాంతముతో త్రిప్పుచు, ఎప్పటికప్పుడు క్రొత్త ముఖమును చెక్కి దానిపై కాంతిని పఱపెను. పదేండ్లు ఇట్లు గడచినవి. 1916లో ఫలితములు ప్రకటితమైనవి. గీత తిన్ననిది. వాలు ఐన్‌స్టయిన్ చెప్పినదే. దానినుండి లభించిన ప్లాంకు సంఖ్యకును నేడు మనమెఱిగిన సంఖ్యకును తేడా నూటికి ఒకపాలు లోపలనే యున్నది. మిల్లికన్‌కు కాంతిగింజ యనిన అప్పటికిని సరిపడలేదు. ఆ సంగతి ఆ వ్యాసముననే దాపఱికము లేక చెప్పెను. ఐనను తన అంకెలను తన అభిప్రాయమునకు అనుకూలముగా ఎచ్చటను వంచలేదు. పదేండ్ల పాటు ఎదిరిపక్షమున నిలిచి, తుదకు ఆ పక్షమునకే సాక్షిగా వచ్చినవాని మాటకు ఎంత విలువయో, పంచాయతీలు చేసిన మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఐన్‌స్టయిన్‌కు 1921వ సంవత్సరపు నోబెల్ బహుమానము, 1922లో, ఈ సూత్రమును పేర్కొనియే ఇయ్యబడినది. ఐనను అందు సూత్రముమాటయే గాని గింజమాట లేదు. మిల్లికన్‌కు 1923లో వచ్చినది. లేనార్డు సంగతి వేఱు. ఆతనికి 1905లోనే వేఱొక పనికై ఆ బహుమానము లభించినది. కాని తరువాత హిట్లరు పక్షమున చేరి, ఐన్‌స్టయిన్ శాస్త్రము యూదుల శాస్త్రమని దూషించుచు గ్రంథములు వ్రాసెను. తన చేతితో కనుగొన్న సంగతికి అర్థము చెప్పినవానిని పుట్టుక చూచి త్రోసిపుచ్చిన పండితుడాతడు.

పండితుల వాదము ముగియకముందే పనివారు దీనిని వాడుకొనిరి. టూరింగు టాకీసు డేరాలలో నేలపై కూర్చుండి బొమ్మ చూచినవారికి ఆ పాటలు ఎచ్చటినుండి వినవచ్చినవో తెలియకుండవచ్చును. ఫిలిము అంచున సన్నని చార యొకటి యుండెడిది. ధ్వనిని బట్టి అందు నలుపు తెలుపులు మాఱుచుండును. దానిగుండ పోవు వెలుతురు, లోహపుపూత గల ఒక గాజుబుడ్డిపై పడగా, ఎలక్ట్రానులు ఎక్కువ తక్కువలుగా వెలువడి, ఆ విద్యుత్తే పెద్దదై శబ్దముగా మాఱెడిది. నేడు పొలములలో పంపులను నడపు సౌరఫలకములు దీనికి దాయాదులు. అందు ఎలక్ట్రాను బయటికి ఎగిరిపోదు. సిలికాను లోపలనే విడుదలై తీగెవెంట పాఱును. అచ్చట గట్టు 1.1 మాత్రమే గనుక ఎఱ్ఱని వెలుతురును పనికివచ్చును.

ఈ ఒక్క ప్రయోగముచేతనే గింజ రుజువైనదనుట తొందరపాటు. 1923లో అమెరికావాడగు కాంప్టన్, ఎక్స్ కిరణములు ఎలక్ట్రానులను తాకినపుడు గోలీ గోలీని కొట్టినట్లు శక్తిని, తాకిడిని పంచుకొనునని చూపిన పిమ్మటనే పలువురు లొంగిరి. 1926లో ఆ గింజకు ఫోటాను అను పేరు వాడుకలోనికి వచ్చినది. మన దేశమును ఇందు వెనుకబడలేదు. 1924లో ఢాకానుండి సత్యేంద్రనాథ బోసు, గింజల లెక్కతోనే ప్లాంకు సూత్రమును సాధించి పంపగా, ఐన్‌స్టయిన్ స్వయముగా దానిని జర్మను భాషలోనికి మార్చి ప్రకటింపించెను. విశాఖపట్టణమున బాల్యవిద్య నేర్చిన చంద్రశేఖర వేంకట రామన్ 1928లో కలకత్తాలో, కాంతిగింజ తన శక్తిలో కొంత అణువునకిచ్చి వేఱు రంగుతో వెలువడుటను చూపెను. నూజివీటి చెంతనున్న ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతము రామన్‌తో కూడి, ఫోటానునకు తనదైన భ్రమణగుణము కలదనుటకు 1931లో ప్రయోగసాక్ష్యమును ప్రకటించెను. అప్పటికాతనికి ఇరువదిరెండేండ్లు.

అట్లయినచో అల యేమైనది? అది ఎచ్చటికిని పోలేదు. 1909లోనే కేంబ్రిడ్జిలో జి. ఐ. టెయిలర్ అను యువకుడు, దీపమునకు మసిగాజులడ్డుపెట్టి వెలుతురును అత్యల్పము చేసి, సూదినీడను ఫోటోపలకపై మూడుమాసములు పడనిచ్చెను. గింజలు ఒంటరిగా వచ్చునంతటి మందకాంతిలోను, నీడ అంచున అలలచారలు చెక్కుచెదరక ఏర్పడినవి. 1986లో ఫ్రాన్సు దేశపు ఓర్సేలో గ్రాంజియే, రోజే, ఆస్పే అను మువ్వురు దీనినే నిక్కముగా ఒక్కొక్క ఫోటానుతో చేసిరి. సగము కాంతిని పోనిచ్చి సగమును త్రిప్పివేయు అద్దముపైకి ఫోటానులను ఒకటొకటిగా పంపగా, అవి ఈ వైపునకో ఆ వైపునకో పోయెనే గాని, ఒక్కటి రెండుగా చీలి రెండువైపుల కనబడలేదు. పిమ్మట ఆ రెండు దారులను తిరిగి కలిపి, ఒక దారి పొడవును కొంచెము కొంచెముగా మార్చుచు రాగా, కొనకు చేరు గింజల లెక్క క్రమముగా హెచ్చుచు తగ్గుచు, తిరిగి హెచ్చుచు, అచ్చముగా అలవలెనే సాగినది.