కొమ్ముల దుప్పి: కొట్టవలెనా, విడువవలెనా?

మక్కచేను గింజ పట్టు వేళకు అడవి అంచున పొలము గల రైతునకు రాత్రి నిద్ర యుండదు. సిరిసిల్లనుండి కామారెడ్డికి పోవు బాటమీది ఎల్లారెడ్డిపేట పరిసరములలో, వీర్నపల్లి గుట్టల దిగువన, ఒక రైతు మంచెమీద కావలి కూర్చున్నాడనుకొందము. అతడు ఎదురుచూచినది అడవిపందిని. దీపపు వెలుగున నిలిచినది ఒక పెద్ద దుప్పిపోతు. ఒంటినిండ తెల్లని చుక్కలు. తలపై మూడేసి కొనలు గల రెండు కొమ్ములు, ఒక్కొక్కటి రెండున్నర అడుగుల పొడవు. దీనిని కొట్టవలెనా, విడువవలెనా? ఈ ప్రశ్నకు నేటి చట్టము ఒక్కమాటలో సమాధానము చెప్పుచున్నది: విడువవలెను. కాని కారణము తెలియని ఆజ్ఞ మనసున నాటుకొనదు. ఆ కారణములనే ఇచట వివరింప దలచితిమి.

మొదట కొమ్ముల సంగతి. దుప్పిని, జింకను ఒకటిగా చెప్పుట మన వాడుకలో కలదు గాని, రెండింటి కొమ్ములును ఒక్క తీరువి కావు. కృష్ణజింక కొమ్ము మేకకొమ్మువలె లోపల ఎముక, పైన తొడుగు గలది, మెలికలు తిరిగి యుండును, రాలిపోదు. దుప్పి కొమ్ము నిండు ఎముక. అది రాలిపోయి మరల మొలచును. క్రొత్తగా మొలచునపుడు దానిపై మఖమలు వంటి మెత్తని తోలు కప్పియుండి, అందు నెత్తురు పారుచుండును. ఎదుగుదల ముగియగానే ఆ తోలు ఎండును. దుప్పి చెట్లకు రుద్దుకొని దానిని వదలించుకొనును. చలిదేశముల దుప్పులు సాధారణముగా ఒకే ఋతువున కొమ్ములు రాల్చును. మన చుక్కల దుప్పికి అంతటి కట్టుబాటు లేదు. ఒకే మందలో ఒకదానికి పండిన కొమ్ములు, మరియొకదానికి లేత కొమ్ములు, వేరొకదానికి బోడితల కనబడవచ్చును.

దీనినిబట్టి కొమ్ము వయసునకు నమ్మదగిన కొలబద్ద కాదని తెలియుచున్నది. మంచి మేత దొరికిన ఏట కొమ్ము బలియును. ముసలితనము వచ్చినపుడు తగ్గును. కనుక మందలో అన్నింటికంటె పెద్ద కొమ్ములు గలది అన్నింటికంటె ముసలిది కానక్కరలేదు. తరచుగా అది నిండు యౌవనమున నున్నది. అసలు వయసును చెప్పునది పండ్ల అరుగుదల. దానిని చూచుటకు మృగము చచ్చియుండవలెను! బ్రదికియున్న దాని మెడ, కడుపు, నడక చూచి అంచనా వేయుటకు ఎంతో అనుభవము కావలెను. దీపపు వెలుగున, రెప్పపాటులో, ‘దీని కాలము తీరినది’ అని తీర్పు చెప్పుట ఎంతటివారికిని సాధ్యము కాదు.

వేటగాండ్ర వాదమును కూడ న్యాయముగా వినవలెను. ‘ఒక పోతు పెక్కు ఆడుదుప్పులతో జతకట్టును, ఒక పోతు పోయినచో మరియొకటి ఆ చోటికి వచ్చును, మంద తగ్గదు’ అని వారందురు. వేలకొలది మృగములుండి, వానిని ఏటేటా లెక్కించు చోట ఇందు కొంత నిజము కలదు. చిన్నచిన్న అడవితునకలలో చెదరియున్న మందలకు ఇది వర్తింపదు. అచట ఒక మంద మరియొక మందను కలిసికొనుటయే అరుదు. ఒక్క మేలైన పోతు పోయినను సంతతి ఇరుకగును. మరియొక చిక్కు కూడ కలదు. ఏటేటా పెద్ద కొమ్ములవానినే ఏరి చంపినచో, మిగిలి సంతానము కనునవి చిన్న కొమ్ములవి. కెనడాలోని అల్బర్టా ప్రాంతమున రామ్ పర్వతముమీది అడవిగొర్రెలను సుమారు ముప్పదేండ్లు పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వేటవలన అచటి పొట్టేళ్ల కొమ్ములు తరతరమునకు చిన్నవగుచు వచ్చినవని 2003లో ప్రకటించిరి. అనగా కొమ్ములకొరకు చేయు వేట కొమ్ములనే తరిగించినది.

అట్లయిన, చంపుటయే ధర్మమైన చోటు లోకమున లేదా? కలదు. మన చుక్కల దుప్పియే అందుకు నిదర్శనము. 1868లో దీనిని హవాయి దీవులకు, 1932లో అమెరికాలోని టెక్సాసుకు కొనిపోయిరి. హవాయిలో పులి లేదు, చిరుత లేదు, రేసుకుక్క లేదు. దుప్పులు విపరీతముగా పెరిగి అడవిని, పచ్చికను, పంటను నాశనము చేయుచుండగా, అచటివారు పూనుకొని వానిని తగ్గించుచున్నారు. టెక్సాసులో ఇది పరదేశపు మృగము. అనుమతిపత్రము గలవారు ఏడాది పొడవున వేటాడవచ్చును. అచటి వేటకాండ్రు ముప్పది అంగుళముల కొమ్మును ఘనముగా ఎంచుదురు. డల్లాసులోనో, హూస్టనులోనో నివసించు మన తెలుగువారు ఈ వేటభూములను చూచి, మన ఊరి మృగమునకు రెండు దేశములలో రెండు ధర్మములా యని ఆశ్చర్యపడవచ్చును. మృగము ఒక్కటియే, అది నిలిచియున్న అడవి వేరు. కొట్టుటయా విడుచుటయా అనునది ఒక దుప్పిని చూచి తేల్చునది కాదు, ఒక అడవిని చూచి తేల్చునది.

మన అడవుల చరిత్ర తిరుగదారిన నడచినది. దొరలు, నవాబులు కొమ్ములను అంగుళములలో కొలిచి గోడలకు తగిలించిన కాలమొకటి కలదు. లండనులో రోలండ్ వార్డు అను అతడు అట్టి కొలతలతో ఒక గ్రంథమునే 1892లో వెలువరించెను. మనకు దగ్గరలోని పోచారము అడవి ఒకప్పుడు నిజాము వేటభూమి, నేడది అభయారణ్యము. హైదరాబాదు అంచున నున్న మరియొక వేటభూమి 1975లో మహావీర హరిణ వనస్థలి అయినది. ఈ రెంటి నడుమ వచ్చినది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము. కృష్ణజింక ఆ చట్టపు మొదటి అనుబంధమునందున్నది. దానిని చంపిన నేరమునకు మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల వరకు చెర, ఇరువదియైదు వేలకు తగ్గని జరిమానా. చుక్కల దుప్పిని వేటాడుటయు నేరమే. 2014లో తెలంగాణ ప్రభుత్వము జింకను రాష్ట్రజంతువుగా ప్రకటించినది.

ఈ చట్టములో ఒక సూక్ష్మము కలదు. అది ఎక్కువమందికి తెలియదు. పంటకో, ప్రాణమునకో ముప్పు తెచ్చు కొన్ని మృగములను చంపుటకు, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు కారణములను వ్రాసి అనుమతి నీయవచ్చును. కాని అట్లు చంపిన మృగము ప్రభుత్వపు సొత్తగును. మాంసముగాని, తోలుగాని, కొమ్ములుగాని కాల్చినవానికి చెందవు. అడవిలో రాలిపడిన కొమ్మును ఇంటికి తెచ్చుకొని అమ్ముటయు తగదు. ఇందలి వివేకము గొప్పది. తీర్పు చెప్పువానికి ఆ తీర్పువలన లాభము ఉండరాదని మన పెద్దలందురు గదా! కొమ్ములపై ఆశ తొలగినపుడే, ‘ఈ మృగమును చంపుట అవసరమా?’ అను ప్రశ్న కల్తీలేనిదగును.

వేటకును హద్దు కలదని మన పురాణములు ఏనాడో చెప్పినవి. పాండురాజు జతకట్టియున్న మృగములను కొట్టి శాపము పొందినాడు. మృగరూపమున నుండిన ఆ ముని నిందించినది వేటను కాదు. వేళగాని వేళ కొట్టుటను. దుష్యంతుడు ఆశ్రమమృగమని వినగానే ఎక్కుపెట్టిన బాణమును దించినాడు. చేతనున్న శక్తిని ఆపుకొనుటయే అతనికి రాచరికమైనది.

ఇక మంచెమీది రైతు సంగతి. అతని నష్టము నిజమైనది. దానిని తేలికగా తీసివేయుట న్యాయము కాదు. ఒక రాత్రిలో మంద తిని త్రొక్కిన చేనునకు అప్పు తీర్చువారెవరు? అందుచేత పంట చెడిన వెంటనే, ఆనవాళ్లు చెరిగిపోకమునుపే, అటవీ అధికారులకు తెలిపి, నష్టపరిహారమునకు దరఖాస్తు పెట్టవలెను. కావలి, దీపము, డప్పు, కంచె, ఇరుగుపొరుగు రైతులు వంతులవారీగా మేలుకొనుట మొదలగు పాత ఉపాయములను కలిసికట్టుగా చేసినపుడే ఫలితముండును.

ఒక్కటి మాత్రము ఎన్నడును చేయరాదు. చేనిచుట్టు తీగ కట్టి అందు కరెంటు పెట్టరాదు. తీగ పందిని, దుప్పిని వేరు చేయలేదు. దుప్పిని, మనిషిని కూడ వేరు చేయలేదు. తెల్లవారుజామున నీరు కట్టుటకు పోవు పొరుగు రైతు, మేకలు తోలుకొనిపోవు పిల్లవాడు, ఒక్కొక్కప్పుడు తీగ కట్టినవాడే దానికి బలియగుచున్నారు. తుపాకి పట్టినవాడు కనీసము ఒక క్షణము ఆలోచించును. తీగకు ఆ క్షణము కూడ లేదు.

దుప్పి గుట్టకు మరలిపోయినచో అది సంతానము కనవచ్చును, చిరుతకు ఆహారము కావచ్చును, ముసలిదై రాలిపోవచ్చును. ఆ మూడింటిలో ఏది జరిగినను అడవికి ప్రయోజనమే. చిరుతకు అడవిలో మేత ఉన్నంతకాలము మన దొడ్డిలోని మేకకు కొంత నిశ్చింత. కొమ్ములు గోడకు అలంకారము కావచ్చును గాని, అవి తలమీద నున్నంతవరకే గుట్టకు విలువ కూర్చును.