వేగంపై మోజు.. కాగితాలతో చిక్కు
టైరు నుంచి కంప్యూటరు దాకా కార్లకు మార్పులు
సరదా కొడుకుది.. రిజిస్ట్రేషన్ తండ్రిది

విజయవాడ: బండిని తనకు నచ్చినట్లు మార్చుకోవడం తెలుగునాట కొత్త విద్య కాదు. ఇంజిను, ఛాసిస్‌లతో మాత్రమే వచ్చే లారీకి క్యాబిన్, తొట్టి కట్టి, రంగులద్ది రోడ్డెక్కించే పని విజయవాడ ఆటోనగర్‌లో దశాబ్దాలుగా సాగుతోంది. పెట్రోలు అంబాసిడర్‌కు డీజిల్ ఇంజిను ఎక్కించుకున్న మోతుబరులు ఒకప్పుడు ఊరూరా కనిపించేవారు. ఆ మార్పుల వెనుక పొదుపు ఉంది, అవసరం ఉంది. నేటి యువకులు చేయించే మార్పులకు కారణం వేరు. కారు నడపడంలో వారికి దొరికే ఆనందమే దానికి మూలం. అయితే నాటి డీజిల్ అంబాసిడర్‌ను పట్టించుకోని చట్టం నేటి కారును వదలడం లేదు. ఈ సంగతి చాలామందికి చలానా చేతికి వచ్చాక గానీ, బీమా సొమ్ముకు దరఖాస్తు పెట్టాక గానీ తెలియడం లేదు.

దేశంలో ఈ మోజుకు 2000 తొలినాళ్ళలో ఊపు వచ్చింది. 100 అశ్వశక్తి ఫియట్ పాలియో 1.6, 106 అశ్వశక్తి హోండా సిటీ వీటెక్ ఆ రోజుల్లో కుర్రకారు కలల బండ్లు. 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 150 అశ్వశక్తితో మరో మెట్టు పైన నిలిచింది గానీ అది అందరికీ అందే పండు కాలేదు. 2005 మే నెలలో మారుతీ స్విఫ్ట్ రావడంతో జిల్లా కేంద్రాలకూ ఈ సరదా పాకింది. 2013లో వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ వచ్చింది. కేవలం 1.2 లీటర్ల ఇంజినుకు టర్బో తోడై 105 అశ్వశక్తిని ఇవ్వడం అప్పట్లో విశేషం. ఈ కంపెనీ కర్మాగారం విశాఖపట్నానికి వస్తుందని 2005లో రాష్ట్రమంతా ఎదురుచూసింది. అది చివరకు పుణె సమీపంలోని చాకన్‌కు వెళ్ళింది. విశాఖ ఆశపడి పోగొట్టుకున్న ఆ కారు చాకన్‌లో తయారై తెలుగు జిల్లాల్లో అభిమానులను సంపాదించుకుంది. 2022లో మనదేశంలో దాని ఉత్పత్తి నిలిచిపోయినా పాత బండ్లకు గిరాకీ తగ్గలేదు.

పాత కారు కొనేటప్పుడే జాగ్రత్త అవసరం. మార్పులు చేయించి, గట్టిగా తోలి, అమ్మే ముందు అసలు విడిభాగాలు తిరిగి బిగించిన బండ్లు బజారులో తక్కువేమీ కాదు. పైకి కొత్త పెళ్ళికొడుకులా మెరిసే కారులో క్లచ్ అరిగిపోయి ఉండవచ్చు. సర్వీసు రికార్డు చూడకుండా, లిఫ్టుపై ఎక్కించి అడుగు భాగం పరీక్షించకుండా బయానా ఇవ్వడం ఈ తరగతి కార్ల విషయంలో తగదు.

ముందు చేయవలసింది వెనుక..

కారు చేతికి వచ్చిన వారంలోనే యువకులు మొదట వెళ్ళేది సైలెన్సరు దుకాణానికి. ఆ తరువాత స్టిక్కర్లు, వెనుక రెక్క. అనుభవజ్ఞుల వరుస దీనికి పూర్తిగా భిన్నం. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ సరిచేసుకున్నాకే ఇంజిను జోలికి వెళ్ళాలని వారి మాట. ఇందులో చాదస్తమేమీ లేదు. కారుకూ నేలకూ ఉన్న సంబంధమంతా నాలుగు టైర్ల కింద అరచేయంత మేర ఆనే రబ్బరుతోనే. ఇంజిను ఎంత బలమైనదైనా ఆ రబ్బరు పట్టుకున్నంతే దాని బలం.

టైరు మార్చడంలోనూ లెక్క ఉంది. పాత స్విఫ్ట్‌లో తక్కువ ధర రకాలకు 165/80 ఆర్14 టైర్లు వచ్చేవి. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, చివరిది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. కూడితే టైరు మొత్తం వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు. దాని బదులు 195/60 ఆర్15 బిగిస్తే వ్యాసం 615 మిల్లీమీటర్లు. తేడా ఒక శాతం లోపే కనుక స్పీడోమీటరు దాదాపు నిజమే చెబుతుంది. లెక్క చూడకుండా అందం కోసం పెద్ద రిమ్ములు, లావు టైర్లు ఎక్కిస్తే ముల్లు 80 చూపుతున్నప్పుడు కారు 85లో పోతూ ఉంటుంది. చక్రం తిప్పినప్పుడల్లా టైరు మడ్‌గార్డు లోపలి అంచును ఒరుసుకుంటుంది. మంచి కంపెనీ టైర్లు నాలుగింటికి పాతిక వేల నుంచి నలభై వేల రూపాయల దాకా పెట్టవలసి వస్తుంది. అంత పెట్టిన మనిషి తరువాత రిమ్ముల దగ్గర పిసినారితనం చూపి నాసిరకం అల్లాయ్ వీల్స్ కొనడం చూస్తుంటాం. గోతిలో పడితే పగిలేది అవే.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. వేగం రెట్టింపయితే కారు ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పొడి రోడ్డుపై మంచి టైర్లున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక సుమారు 18 మీటర్లలో ఆగితే, 120 కిలోమీటర్ల వేగంలో దానికి 71 మీటర్లు కావాలి. ప్రమాదం గుర్తించి కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి పట్టే ఒక్క సెకనులోనే ఆ వేగంలో మరో 33 మీటర్లు గడిచిపోతాయి. వెరసి నూరు మీటర్ల పైమాటే. జాతీయ రహదారిపై గేదెలు అడ్డం వచ్చేది ఇంతకంటే దగ్గరలోనే.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగజారుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ నేలకు తాకినా కారు ఆగదు. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చడానికయ్యే ఖర్చు ఒక స్టిక్కరు ఖర్చును మించదు.

ఇక సస్పెన్షన్. కారును కిందికి దించితే మలుపులో ఒరుగు తగ్గే మాట నిజమే. అందుకు తగిన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు జతగా దొరుకుతాయి. వాటి ధర చూసి ఉన్న స్ప్రింగులనే కటింగ్ యంత్రంతో ఒకటి రెండు చుట్లు కోయించేవారున్నారు. కోసిన స్ప్రింగు తన గిన్నెలో సరిగా కూర్చోదు. గోతిలో చక్రం వేలాడినప్పుడు స్థానం తప్పుతుంది. పైగా మన వీధుల్లో కొలతా పాడూ లేకుండా వేసిన స్పీడ్‌బ్రేకర్లు కిందికి దించిన కారుకు సంప్‌ను పగలగొట్టే బండరాళ్ళే.

ఇంజిను అదే.. బుద్ధి వేరు

ఇంజిను విప్పకుండానే శక్తి పెంచే పద్ధతి రీమ్యాపింగ్. నేటి కార్లలో ఎంత పెట్రోలు చిమ్మాలి, ఏ క్షణంలో నిప్పురవ్వ రాజేయాలి, టర్బో ఎంత గాలిని నెట్టాలి అన్నవన్నీ ఈసీయూ అనే చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఎండాకాలం, వానాకాలం, కల్తీ పెట్రోలు, కొండలు.. అన్నిటికీ సరిపోవాలి కనుక కంపెనీ కొంత బలాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. రీమ్యాప్ చేసేవారు ల్యాప్‌టాప్ తగిలించి ఆ పట్టికలను తిరగరాస్తారు. టర్బో కార్లలో ఇరవై నుంచి ముప్పై శాతం దాకా శక్తి పెరుగుతుందని చెబుతుంటారు. టర్బో లేని పాత స్విఫ్ట్ వంటి కార్లలో పదో వంతు పెరిగినా గొప్పే. ఆ కార్లకు రీమ్యాప్ కోసం వేలు పోయడం కంటే కొత్త స్పార్క్ ప్లగ్గులు, శుభ్రమైన ఎయిర్ ఫిల్టరు వేసుకోవడం మేలు.

పెరిగిన శక్తిని మోయవలసినది గేరుబాక్సు. పోలో జీటీ టీఎస్‌ఐలోని ఏడు గేర్ల డీఎస్‌జీ గేరుబాక్సు 250 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలానికి తయారైనది. కంపెనీ ఇంజిను ఇచ్చేది 175. మధ్యనున్న ఆ 75 కారు దీర్ఘాయుష్షుకు వదిలిన జాగా. రీమ్యాప్‌తో దాన్ని తినేసిన కొద్దీ పొడి క్లచ్‌లపై భారం పెరుగుతుంది. నగరంలో ఆగి ఆగి సాగే ట్రాఫిక్కులో ఆ క్లచ్‌లు వేడెక్కడం మామూలు కారులోనే ఉన్న బాధ.

పెట్రోలుదీ ఇలాంటి మెలికే. సాధారణ పెట్రోలు ఆక్టేన్ సంఖ్య చాలాకాలం 91గా, ప్రీమియం రకానిది 95గా ఉండేది. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ రకాన్నీ తెచ్చింది. ఆక్టేన్ ఎంత ఎక్కువైతే ఒత్తిడికి అంతగా తాళి, రవ్వ పడేదాకా మండకుండా ఆగుతుంది. ఎక్కువ ఆక్టేన్‌కు తగినట్లు రీమ్యాప్ చేయించిన కారులో తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయిస్తే సిలిండరులో పెట్రోలు సమయం కాకుండానే అంటుకుని 'టక టక' శబ్దం వస్తుంది. నాక్ సెన్సరు దాన్ని పసిగట్టి శక్తి తగ్గిస్తుంది. సెన్సరు హద్దు దాటిన నాడు పిస్టనే దెబ్బతింటుంది. కనుక రీమ్యాప్‌కు ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఎన్ని గుర్రాలు పెరుగుతాయని కాదు, తాను రోజూ తిరిగే దారిలో ఏ పెట్రోలు దొరుకుతుందన్నది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇదే విషయాన్ని మరోసారి తేల్చి చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణలో 182ఏ సెక్షను చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 'ఒక్కో మార్పుకు' అన్న మాటను గమనించాలి. నాలుగు మార్పులుంటే లెక్క రూ.20 వేలు.

ఇక్కడే జిల్లాల్లో సాధారణమైన ఒక చిక్కుంది. కారు తండ్రి పేరిట ఉంటుంది. సైలెన్సరు మార్చింది, నల్ల ఫిల్ము అంటించింది కొడుకు. చట్టం అడిగేది యజమానిని. కారును పెళ్ళిళ్ళకు, ఆసుపత్రికి తప్ప ఎరగని పెద్దమనిషి కొడుకు ముచ్చటకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

రంగు కూడా రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండే వివరమే. ఎర్ర కారును నల్లగా మార్చదలిస్తే రవాణా కార్యాలయంలో అనుమతి పొంది పత్రంలో నమోదు చేయించుకోవాలి. అద్దాల విషయంలో నిబంధన ముందు, వెనుక 70 శాతం, పక్కల 50 శాతం కాంతి లోనికి రావాలంటుంది. నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న నిషేధించింది. శబ్దం, పొగ పరిమితులు దాటి నడిపితే 190వ సెక్షను కింద మూడు నెలల దాకా జైలు, రూ.10 వేల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై వేటు ఉన్నాయి. పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరును పీకించి గొట్టం బిగించడం ఈ కోవలోకే వస్తుంది. అర్ధరాత్రి వీధిలో తుపాకీ పేలినట్లు చప్పుడు చేసే సైలెన్సరు వల్ల వచ్చే అదనపు శక్తి స్వల్పం. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచే పసిపిల్లలు, ముసలివారు మాత్రం వీధినిండా ఉంటారు.

బీమా పత్రంలో చిన్న అక్షరాలు

చలానా కంటే పెద్ద దెబ్బ బీమాలో తగులుతుంది. చేసిన మార్పులను బీమా కంపెనీకి ముందే తెలియజేయాలి. అదనంగా బిగించిన విద్యుత్ పరికరాలకు వాటి విలువలో 4 శాతం అదనపు ప్రీమియం కట్టి రక్షణ పొందే వీలు పాలసీల్లో ఎప్పటినుంచో ఉంది. ఈ వీలును వాడుకునేవారు అరుదు. చెప్పకుండా రీమ్యాప్ చేయించిన కారు ప్రమాదానికి గురైతే, సర్వేయరు నివేదికలో అది బయటపడితే సొంత నష్టం కింద రావలసిన సొమ్ముపై పేచీ తప్పదు. ప్రైవేటు కారు పాలసీలో మరో షరతూ ఉంది. వ్యవస్థీకృత పందేలకు, వేగ పరీక్షలకు కారును వాడితే రక్షణ వర్తించదు. ఇక కంపెనీ వారంటీ మార్పు చేసిన భాగాలతో ముడిపడినంత మేరకు పోయినట్లే. ఇది తెలిసిన ఔత్సాహికులు తీసేసిన అసలు విడిభాగాలను నూనె రాసి, గోనెపట్టాలో చుట్టి అటక మీద భద్రపరుస్తారు. అమ్మేనాడు పనికొచ్చేవి అవే. మార్పులకు పెట్టిన డబ్బును కొనేవాడు ఎన్నడూ లెక్కగట్టడు.

తోలేదెక్కడ?

ఇంత చేసి కారును పరుగెత్తించే చోటు ఏదన్నది మిగిలిన ప్రశ్న. నాలుగు వరుసల విభజిత రహదారులపై కార్ల గరిష్ఠ వేగాన్ని కేంద్రం 2018లో గంటకు 100 కిలోమీటర్లుగా నిర్ణయించింది. రోడ్డుపై పందెం వేస్తే 189వ సెక్షను కింద మూడు నెలల దాకా జైలు లేదా రూ.5 వేల జరిమానా. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ పోటీ జరిగింది గానీ అది ఆ కొద్ది రోజులకు ఊరి రోడ్లనే మూసి కట్టిన బాట. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. తెలుగు రాష్ట్రాలకు దగ్గరలో ఉన్న శాశ్వత రేస్ ట్రాక్ చెన్నై అవతల శ్రీపెరంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 1990లో మొదలైన ఈ బాట పొడవు 3.7 కిలోమీటర్లు. అంతకు ముందు చెన్నై పందేలు నెల్లూరు రహదారి పక్కనున్న షోలవరం పాత విమానాశ్రయపు రన్‌వేపై జరిగేవి. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే మరొకటి.

ఇలాంటి బాటలపై హెల్మెట్ పెట్టుకుని, ముందుగా కారును తనిఖీ చేయించుకుని, ఎదురు వచ్చే బండి లేదన్న భరోసాతో తోలవచ్చు. నాలుగైదు చుట్లకే బ్రేకు ప్యాడ్లు పొగలు కక్కుతాయి, టైరు అంచులు చెరిగిపోతాయి. అందుకే అనుభవమున్నవారు డిక్కీలో మరో జత ప్యాడ్లు, ఒక డబ్బా బ్రేకు ఆయిల్, గాలి కొలిచే గేజి పెట్టుకుని బయలుదేరతారు. తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాటి ఇంకా ఎంతో దూరం అదే కారులో ఇల్లు చేరాలి మరి.