కుక్కపిల్లకీ ఓ పాలసీ!

ఇంటికి కొత్తగా కుక్కపిల్ల వచ్చింది. పిల్లలు పేరు వెతికే హడావుడిలో ఉంటే నాన్నకేమో 'రేపు దీనికి జబ్బు చేస్తేనో' అన్న బెంగ. ఆ బెంగకు విరుగుడే కుక్కల బీమా. అమెరికాలో టీవీ తార 'లాసీ' పేరిట 1982లోనే పాలసీ తీసుకున్నారు. ఇప్పుడు మనదేశంలోనూ కొన్ని సంస్థలు ఇస్తున్నాయి.

మరి తీసుకోవాలా, వద్దా? ముందు షరతులు చదవాలి. కొన్ని పాలసీలు కుక్క చనిపోతేనే డబ్బిస్తాయి, వైద్యం ఖర్చుతో వాటికి పనిలేదు. అప్పటికే ఉన్న జబ్బులకు సాధారణంగా పరిహారం రాదు. వయసు దాటితే పాలసీయే దొరక్కపోవచ్చు. అందుకే, తీసుకునేదేదో చిన్నప్పుడే తీసుకోవడం మేలు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతులకు తుంటి కీలు సమస్యలెక్కువ కాబట్టి వాటి విషయంలో మరీనూ.

ప్రీమియం బదులు అదే సొమ్ము నెలనెలా దాచుకోవచ్చు కదా అనిపిస్తుంది. నిజమే... కానీ, రెండో నెలలోనే ఆపరేషన్ అవసరమైతే దాచింది సరిపోదు.

బీమా ఉన్నా లేకున్నా టీకాలు మాత్రం తప్పనిసరి. పార్వో వైరస్ సోకితే కూన కొద్దిరోజుల్లోనే ప్రాణం వదిలేయొచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన గడువుల్లో అన్నీ వేయించాలి. టీకాలు వేయించకపోతే ఆ జబ్బులకు బీమా వర్తించకపోవచ్చు కూడా. అంటే... ముందు సూది, ఆ తర్వాతే సంతకం!