ముందు ఎక్కడి చెత్త తీయాలి?

పొయ్యిలో కట్టెలు కాలితే బూడిద మిగులుతుంది. చల్లారాక ఆ బూడిదతో అంట్లు తోముకోవచ్చు. అణు విద్యుత్ కేంద్రంలో అలా కాదు. అక్కడ యురేనియం అనే ఇంధనంతో నీళ్ళు కాచి, ఆ ఆవిరితో కరెంటు తీస్తారు. వాడేసిన ఇంధనం నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తూనే వుంటాయి. అవి ఎక్కువగా తగిలితే కాన్సర్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఈ ప్రమాదం వేల ఏళ్ళు వుంటుంది.

అందుకే ఆ ఇంధనాన్ని ముందు కొన్నేళ్ళు లోతైన నీళ్ళ తొట్టిలో వుంచుతారు. వేడి తగ్గాక ఉక్కు డబ్బాల్లో పెట్టి, చుట్టూ కాంక్రీటు కడతారు.

అమెరికాలో ఇలాంటి చెత్త సుమారు 90 వేల టన్నులు వుంది. అది 70కి పైగా చోట్ల వుంది. దాన్ని భూమి లోతున పాతిపెట్టాలని 1982లో చట్టం చేశారు. 1998 నుంచి తీసుకుపోతామని ప్రభుత్వం కరెంటు కంపెనీలకు రాసిచ్చింది. 1987లో నెవాడా రాష్ట్రంలోని యక్కా కొండను ఎంచుకున్నారు. ఆ రాష్ట్రం ఒప్పుకోలేదు. తరువాత ఆ పని ఆగిపోయింది. చెత్త ఎక్కడిదక్కడే వుంది. మాట తప్పినందుకు ప్రభుత్వం కంపెనీలకు వెయ్యి కోట్ల డాలర్లకు పైగా కట్టింది. అదంతా ప్రజల డబ్బే.

రేపు చోటు దొరికితే ముందు ఎక్కడిది తీయాలి?

ఒప్పందంలో వున్న పద్ధతి రేషను షాపు వరుస లాంటిది. ముందు వాడేసిన ఇంధనం ముందు పోవాలి. పాతది కొంత చల్లబడి వుంటుంది. తరలించడం తేలిక.

కానీ ఆస్పత్రిలో వరుస వేరు. పాము కరిచిన మనిషి చివర వచ్చినా డాక్టరు ముందు చూస్తాడు. కాలిఫోర్నియాలో శాన్ ఒనోఫ్రే కేంద్రం సముద్రం ఒడ్డునే వుంది. అది భూకంపాలు వచ్చే ప్రాంతం. చుట్టూ 80 కిలోమీటర్ల లోపల 80 లక్షల మందికి పైగా వున్నారు. ఆ కేంద్రం 2013లో మూతపడింది. చెత్త మాత్రం అక్కడే వుంది. ఇలాంటి చోటుకే ముందు రావాలని అక్కడివాళ్ళు అడుగుతున్నారు.

ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం 2012లో మరో మాట చెప్పింది. మూతపడ్డ కేంద్రాల నుంచి ముందు తీయాలంది. అక్కడ కరెంటు రాదు. చెత్త కోసమే కాపలా ఖర్చు. అది పోతే నేల వేరే పనికి వస్తుంది. చెత్తను దించే ఊరు ఒప్పుకోవాలని కూడా ఆ సంఘం చెప్పింది.

ఆలోచించండి:
పాతది ముందా? ప్రమాదం ఎక్కువున్నది ముందా? మూతపడ్డ చోటు ముందా? చెత్త పోయే ఊరి ఆడవాళ్ళను ఎవరు అడగాలి?