పరిధీయ ధమనుల వ్యాధి: కాలి భవితవ్యం, ప్రాణ భవితవ్యం – ఆసుపత్రి అంచనాల పరిశీలన

ఉపోద్ఘాతం

కాళ్లకు రక్తాన్ని చేరవేసే ధమనుల గోడలలో కొవ్వు పేరుకొని, రక్తమార్గం ఇరుకు కావడమే పరిధీయ ధమనుల వ్యాధి. నడిచినప్పుడు పిక్క పట్టేయడం, ఆగితే నొప్పి తగ్గడం దీని సాధారణ లక్షణం. వ్యాధి ముదిరినప్పుడు విశ్రాంతిలోనూ పాదం నొప్పి పెడుతుంది. మానని పుండు, గాంగ్రీన్ ఏర్పడతాయి. ఈ స్థితిలో ఆసుపత్రిలో చేరిన రోగి విషయంలో రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. కాలు దక్కుతుందా? రోగి ఎంతకాలం జీవించగలడు? ఈ రెండింటినీ విడివిడిగా అంచనా వేసి, చికిత్సా నిర్ణయంలో కలిపి చూడవలసిన ఆవశ్యకతను ఈ వ్యాసం వివరిస్తుంది.

కాలి భవితవ్యం

చీలమండ వద్ద సిస్టాలిక్ రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే చీలమండ–భుజ సూచిక వస్తుంది. అది 0.90 లేదా అంతకంటే తక్కువైతే వ్యాధి ఉన్నట్లు భావిస్తారు. 1.40 దాటితే ఆరోగ్యమని అర్థం కాదు. ధమనుల గోడలలో కాల్షియం చేరి, అవి పట్టీ ఒత్తిడికి లొంగడం లేదని అర్థం. దీర్ఘకాల మధుమేహం, మూత్రపిండ వ్యాధి ఉన్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. అటువంటివారిలో కాలి బొటనవేలి రక్తపోటు మరింత నమ్మదగిన ఆధారం.

అమెరికాలోని సొసైటీ ఫర్ వాస్క్యులర్ సర్జరీ 2014లో ‘విఫి’ వర్గీకరణను ప్రకటించింది. పుండు, రక్తప్రసరణ లోపం, పాదంలో ఇన్ఫెక్షన్ అనే మూడు అంశాలకు 0 నుండి 3 వరకు స్థాయిలు ఇస్తారు. తద్వారా ఏర్పడే 64 కలయికలను, ఏడాదిలోపు కాలు తొలగించవలసి వచ్చే ప్రమాదాన్ని బట్టి నాలుగు దశలుగా విభజించారు. ఇది కాలి గురించిన అంచనా మాత్రమే. ఆయుర్దాయం గురించి చెప్పదు.

ప్రాణ భవితవ్యం

కాలి ధమనులను మూసివేసే ప్రక్రియే గుండె, మెదడు ధమనులలోనూ సాగుతుంది. అందువల్ల ఈ రోగులకు గుండెపోటు, పక్షవాతాల ముప్పు అధికం. ‘ప్రివెంట్–3’ పరీక్ష సమాచారం నుండి రూపొందిన స్కోరులో డయాలిసిస్‌కు 4, కణజాల నష్టానికి 3, 75 ఏళ్లు లేదా ఆపై వయసుకు 2, హిమటోక్రిట్ 30 శాతం లేదా అంతకు తక్కువైతే 2, తీవ్ర హృద్రోగానికి 1 చొప్పున అంకెలు కేటాయించారు. వీటిలో అధికభాగం పాదాన్ని చూస్తే తెలిసేవి కావు.

ఆయుర్దాయపు అంచనా చికిత్సను ఎలా మార్చగలదో 2005లో వెలువడిన బ్రిటన్ ‘బాసిల్’ పరీక్ష చూపింది. ఇందులో 452 మంది పాల్గొన్నారు. తొలి దశలో బైపాస్, బెలూన్ యాంజియోప్లాస్టీల ఫలితాలు దాదాపు సమానం. రెండేళ్లు దాటి జీవించినవారిలో మాత్రం బైపాస్ వైపు మొగ్గు కనిపించింది. అనంతరం 2022లో ‘బెస్ట్–సీఎల్‌ఐ’, తగిన సిర ఉన్నవారికి బైపాస్ మేలని చూపగా, మోకాలి కింది ధమనుల వ్యాధిపై జరిగిన ‘బాసిల్–2’ 2023లో రక్తనాళం లోపలి నుండి చేసే చికిత్సకు అనుకూలంగా నిలిచింది. రోగుల ఎంపిక మారితే ఫలితమూ మారవచ్చునని ఇది హెచ్చరిస్తుంది.

అంచనాల పరిమితులు

మరణించిన రోగికి ఆపై కాలు తొలగించే ప్రసక్తి ఉండదు. మరణాన్ని పోటీ ప్రమాదంగా లెక్కించక, ఆ రోగిని పరిశీలన నుండి తప్పుకున్నవానిగా మాత్రమే పరిగణిస్తే కాలు కోల్పోయే సంభావ్యత వాస్తవం కంటే అధికంగా తేలుతుంది.

అలాగే ఒక నమూనా ఎక్కువ ప్రమాదమున్నవారిని తక్కువ ప్రమాదమున్నవారి నుండి వేరు చేయగలిగినంత మాత్రాన సరిపోదు. నూటికి ఇరవై మందికి ముప్పు అని చెప్పిన వర్గంలో నిజంగా సుమారు ఇరవై మందికే అది సంభవించాలి. ‘ప్రివెంట్–3’లో ఉన్నది ఉత్తర అమెరికాలో సిరతో బైపాస్ చేయించుకున్న రోగులే, శస్త్రచికిత్సకు తట్టుకోలేనివారు అందులో లేరు. కనుక ఆ స్కోరును తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులలో వినియోగించే ముందు స్థానిక రోగుల ఫలితాలతో సరిచూడడం అవసరం.

ముగింపు

కాలిని మాత్రమే చూసిన అంచనా, కొద్దికాలమే జీవించగల రోగిపై భారమైన శస్త్రచికిత్సను మోపవచ్చు. ప్రాణాన్ని మాత్రమే చూసిన అంచనా, దక్కవలసిన కాలిని వదులుకోవచ్చు. రెండు అంచనాలనూ రోగికి, కుటుంబానికి తెలియజెప్పి, వారి అభీష్టంతో కలిపి నిర్ణయించినప్పుడే అంకెలకు సార్థకత.